ఏడాదిన్నర అఖండదీపం

రాత్రి తొమ్మిది దాటాక ఆఫీసులో పని చేసిన ప్రతివాళ్ళకీ ఒక వ్యాయామం బాగా అలవాటు. ఏదో ప్రొడక్షన్ సమస్యతో తల పట్టుకుని కదలకుండా కూర్చుని ఉంటాం. ఉన్నట్టుండి నెత్తిమీద లైట్లన్నీ ఆరిపోతాయి. చేతులు రెండూ పైకెత్తి ఎవరినో పిలుస్తున్నట్టు ఊపితే మళ్ళీ వెలుగుతాయి. కుర్చీలో మనిషి ఉన్నాడా లేడా అన్నది తేల్చేది మనం కాదు, సీలింగులో ఉన్న ఆ తెల్లటి బొడిపె.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక ఆఫీసులో దీనికి ఇంకో తిరకాసు ఉండేది. మామూలు రోజుల్లో మనిషి ఉన్నా లైట్లు ఆరిపోయేవి. ఆదివారం మాత్రం మనిషన్నవాడు లేకపోయినా ఫ్లోరంతా దేదీప్యమానంగా వెలుగుతూ ఉండేది. ఒక ఆదివారం రిలీజు పనిమీద వెళ్ళినప్పుడు అక్కడి ఎలక్ట్రీషియన్ని అడిగాను, ఎందుకిలా అని.

"దీని సాఫ్టువేరు ఎవరి దగ్గరుందో ఎవరికీ తెల్వదు సార్. నేను జాయినయ్యే నాటికే ఇట్లుంది. శనివారం పొద్దుగూకినాక గుర్తుంటే ఎంసీబీలు దించి పోతా. మర్చిపోయిన్నంటే సోమవారం దాకా ఇంతే" అన్నాడు.

అంటే మా ఆఫీసు ఆటోమేటిక్ లైటింగు మొత్తం ఆ ఒక్క మనిషి జ్ఞాపకశక్తి మీద నడుస్తోందన్నమాట! అప్పుడు నవ్వుకున్నాను. తర్వాత అమెరికాలో ఒక బడి సంగతి చదివాక ఆ నవ్వు కాస్తా పోయింది.

ఆ బడి మసాచుసెట్స్ రాష్ట్రంలో విల్‌బ్రహం అనే ఊళ్ళో ఉంది. పేరు మిన్నెచాగ్ రీజినల్ హైస్కూలు. 2012 ప్రాంతంలో కొత్త భవనం కట్టినప్పుడు కరెంటు ఆదా అవుతుందని సాఫ్టువేరుతో నడిచే లైటింగు వ్యవస్థ పెట్టించారు. సుమారు 7,000 లైట్లు. దాదాపు తొమ్మిదేళ్ళు బాగానే పనిచేసింది. 2021 ఆగస్టులో ఆ సాఫ్టువేరు చెడిపోయింది. చెడిపోతే లైట్లు ఆరిపోవాలి కదా అనుకుంటాం. కానీ బడిలో పిల్లలుంటారు, చీకట్లో పడిపోతే ప్రమాదం. అందుకని వ్యవస్థ చెడితే లైట్లు వెలిగే ఉండేట్టు పెట్టారు. అంతే, వెలిగిన లైట్లు వెలిగినట్టే ఉండిపోయాయి. పగలూ రాత్రీ, సెలవుల్లోనూ. ఆర్పడానికి గోడకి స్విచ్చి ఉంటే కదా!

పాఠం మధ్యలో వీడియో చూపించాలంటే గది చీకటి చెయ్యడానికి లేదు. కొన్నిచోట్ల టీచర్లే బల్బులు ఊడదీసి పెట్టుకున్నారు. బయటి లైట్లకి సిబ్బంది బ్రేకర్లు దించారు, అచ్చం మా ఎలక్ట్రీషియన్ లాగానే. సరే, పెట్టినవాళ్ళని పిలిచి బాగు చేయించొచ్చుగా అంటే, ఆ కంపెనీ ఈలోపు చాలాసార్లు చేతులు మారింది. ఆ పాత వ్యవస్థ గురించి తెలిసినవాళ్ళని వెతికి పట్టుకునేసరికే వారాలు గడిచాయి. తీరా పట్టుకున్నాక కోవిడ్ కాలపు చిప్పుల కొరత, విడిభాగాలు రాలేదు. 2023 జనవరిలో ఈ సంగతి దేశమంతా వార్తయ్యే నాటికి ఆ లైట్లు దాదాపు ఏడాదిన్నరగా వెలుగుతూనే ఉన్నాయి. ఫిబ్రవరిలో మరమ్మతుకి ముహూర్తం పెట్టుకున్నారు. ఖర్చెంత అంటే నెలకి వేల డాలర్లు, పదివేలల్లో మాత్రం కాదు అని బడి అధికారి ఒకాయన చెప్పుకొచ్చాడు. కరెంటు ఆదా కోసం పెట్టించిన వ్యవస్థ అది!

మనం ఏదైనా సాఫ్టువేరు ఎడిషన్లని పోల్చేటప్పుడు ఏం చేస్తాం? ఒక పట్టిక గీస్తాం. ఎడమవైపు సౌకర్యాలు, పైన ఎడిషన్ల పేర్లు, మధ్యలో టిక్కులు. ఎన్ని పరికరాలకి పనిచేస్తుంది, మొబైల్లో వస్తుందా, రిపోర్టులు ఇస్తుందా, ధరెంత. మిన్నెచాగ్ వాళ్ళు 2012లో అలాంటి పట్టిక ఎంత జాగ్రత్తగా గీసుకుని ఉన్నా, తొమ్మిదేళ్ళ తర్వాత వాళ్ళ కొంప ముంచిన ప్రశ్న అందులో కనబడి ఉండేది కాదు. ఆ ప్రశ్న ఏంటో తెలియాలంటే ఈ లైటింగు సాఫ్టువేర్ల చరిత్ర కాస్త తిరగెయ్యాలి. ఓపిక పట్టండి, బోలెడన్ని పొడి అక్షరాలున్నాయి గానీ మన వృత్తివాళ్ళకి కొత్తేం కాదుగా.

అసలు సాఫ్టువేరు అక్కర్లేని రోజుల నుంచి మొదలెడదాం. స్కాట్లండులో గ్లెన్‌రోథెస్ అనే ఊళ్ళో పికో ఎలక్ట్రానిక్స్ అని ఒక చిన్న కంపెనీ ఉండేది. కాలిక్యులేటర్లకి చిప్పులు తయారుచేసేవాళ్ళు. ఒక్కో ప్రాజెక్టుకి ఎక్స్1, ఎక్స్2 అని పేర్లు పెట్టుకుంటూ పోయారు. 1975లో వాళ్ళ పదో ప్రాజెక్టు ఎక్స్10. ఇంట్లో ఉన్న కరెంటు తీగల మీదనే సంకేతాలు పంపి లైట్లు వెయ్యడం, ఆర్పడం. కొత్త తీగలు లాగక్కర్లేదు. ఏసీ కరెంటు సున్నా దాటే క్షణంలో 120 కిలోహెర్ట్జ్ సంకేతం ఒకటి పంపుతారు. ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. 1978లో అమెరికా దుకాణాల్లోకి వచ్చింది.

దీని కాన్ఫిగరేషను ఎక్కడ ఉండేదో తెలుసా? ప్రతి పరికరం మీద రెండు చిన్న చక్రాలుండేవి. ఒకదాని మీద ఏ నుంచి పీ దాకా 16 అక్షరాలు, రెండోదాని మీద 1 నుంచి 16 దాకా అంకెలు. మొత్తం 256 చిరునామాలు. స్క్రూడ్రైవరుతో తిప్పుకోవడమే. పక్కింటివాడు కూడా అదే అక్షరం పెట్టుకుంటే వాడు స్విచ్చి నొక్కినప్పుడు మనింట్లో లైటు వెలిగేది. పంపిన ఆజ్ఞ చేరిందో లేదో తిరిగి చెప్పే ఏర్పాటు మొదటి పరికరాల్లో లేదు. లోపాలకేం కొదవలేదు. కానీ ఒక్క గుణం మాత్రం గమనించండి. ఆ ఇంటిని కొనుక్కున్న కొత్తాయన ఏ సాఫ్టువేరూ లేకుండా చక్రం చూసి ఏది దేనికి వెలుగుతుందో చెప్పెయ్యగలడు. పరికరం ఎక్కడుందో దాని వివరమూ అక్కడే ఉంది.

ఇళ్ళకి ఇది సరే. వందల లైట్లున్న ఆఫీసు భవనాలకి చక్రాలు తిప్పుకుంటూ కూర్చుంటే అయ్యే పని కాదు. అక్కడే ఐరోపా వాళ్ళు రంగంలోకి దిగారు. 1990లో బ్రస్సెల్స్ కేంద్రంగా కొన్ని విద్యుత్ పరికరాల కంపెనీలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. ఈఐబీ అనే ప్రమాణం తయారుచేశారు. 1999లో అది మరో రెండు ఐరోపా సంఘాలతో కలిసి పెద్దదయ్యింది. అదే ఇవాళ్టి కేఎన్ఎక్స్. 2006లో అంతర్జాతీయ ప్రమాణంగా కూడా ఆమోదం పొందింది. 500కి పైగా కంపెనీలు దీనికి పనికొచ్చే పరికరాలు తయారుచేస్తున్నాయి.

కేఎన్ఎక్స్ పనిచేసే తీరు మన పబ్లిష్-సబ్‌స్క్రైబ్ లాంటిదే. గోడ మీది స్విచ్చికీ లైటుకీ మధ్య నేరుగా కరెంటు తీగ ఉండదు. రెండూ ఒక సన్నటి బస్సు తీగకి తగిలించి ఉంటాయి. ఆ తీగ వేగం సెకనుకి 9,600 బిట్లు, మన పాత మోడెముల వేగమే. స్విచ్చి నొక్కగానే అది 1/1/5 అనే గ్రూపు చిరునామాకి ఒక టెలిగ్రాము పంపుతుంది. ఆ చిరునామా వింటున్న లైట్లన్నీ వెలుగుతాయి. మధ్యలో సర్వరంటూ ఏదీ అక్కర్లేదు. ఒక పరికరం చెడితే మిగతావి నడుస్తూనే ఉంటాయి. నాకు చాలా నచ్చిన డిజైను ఇది.

అయితే ఏ స్విచ్చి ఏ చిరునామాకి పంపాలి, ఏ లైటు ఏది వినాలి అని ఎవరో ఒకరు చెప్పాలిగా. ఆ చెప్పే సాఫ్టువేరు పేరు ఈటీఎస్. ఏ కంపెనీ పరికరమైనా సరే, అందరికీ కలిపి ఒకటే సాఫ్టువేరు. ఇంజనీరు తన కంప్యూటరులో భవనం మొత్తాన్ని ఒక ప్రాజెక్టుగా తయారుచేసుకుంటాడు. అంతస్తులు, గదులు, పరికరాలు, గ్రూపు చిరునామాలు, వాటి పేర్లు. తర్వాత బస్సుకి తగిలించి పరికరాల్లోకి డౌన్‌లోడ్ చేస్తాడు. ఆ తర్వాత ఈటీఎస్‌ని తీసేసినా భవనం తన పని తాను చేసుకుపోతుంది.

మన భాషలో చెప్పుకుంటే ప్రాజెక్టు ఫైలు సోర్సు, పరికరాల్లో ఉన్నది బైనరీ. బైనరీ ప్రొడక్షన్లో హాయిగా నడుస్తోంది. సోర్సేమో కాంట్రాక్టరు ల్యాప్‌టాపులో ఉంది. పరికరాల్లోంచి వెనక్కి చదివి చిరునామాలు కొంతవరకు రాబట్టొచ్చు. కానీ "మూడో అంతస్తు, కాన్ఫరెన్సు గది, కిటికీ వైపు వరస" అన్న పేరు అందులో ఉండదు. సోర్సు లేకుండా బైనరీ చదివి బగ్గు సరిచెయ్యమంటే మనకెలా ఉంటుందో, ఆ తర్వాత వచ్చిన ఇంజనీరుకీ అలానే ఉంటుంది. ఎక్స్10 చక్రం మీద కళ్ళకి కనబడిన సమాచారం ఇక్కడ భవనంలోంచి బయటికి వెళ్ళిపోయింది. మన కథలో అసలు మలుపు ఇదే.

ఇప్పుడు ఈటీఎస్ ఎడిషన్లు చూద్దాం. ఈటీఎస్1 వచ్చింది 1993లో. ఈటీఎస్2 1996లో, 3 వచ్చేసరికి 2004. 2010లో 4, 2014లో 5, 2021లో 6. అంటే మూడేళ్ళకొకసారి నుంచి ఎనిమిదేళ్ళకొకసారి దాకా కొత్తది వచ్చింది. 1993లో మొదటి ఎడిషనుతో కట్టిన భవనం ఇంకా నిక్షేపంగా నిలబడే ఉంటుంది, దాని ముందు ఆరు ఎడిషన్లు కవాతు చేసి వెళ్ళాయి. భవనం వయసుని దశాబ్దాల్లో లెక్కేస్తాం, సాఫ్టువేరు వయసుని ఏళ్ళల్లో లెక్కేస్తాం. ఈ రెండిటికీ పెళ్ళి చేస్తే కాపురం ఎలా ఉంటుందో చూడండి.

మొదటి ఎడిషన్ల కాలంలో బస్సుకి తగిలించుకోవడానికి కంప్యూటరు సీరియల్ పోర్టే దారి. తర్వాత యూఎస్‌బీ వచ్చింది, ఆ తర్వాత నెట్‌వర్కు ద్వారా. ఈలోపు ల్యాప్‌టాపుల్లోంచి సీరియల్ పోర్టులు మాయమైపోయాయి. పాత భవనాలు చూసుకునేవాళ్ళు ఒక పాత ల్యాప్‌టాపుని బంగారంలా దాచుకోవలసి వచ్చేది. మనలో మెయిన్‌ఫ్రేము ప్రాజెక్టులు చేసినవాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు.

ఫైళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. ఈటీఎస్3 కాలం దాకా ప్రాజెక్టుని ఎగుమతి చేస్తే వచ్చే ఫైలు ఈటీఎస్‌కి తప్ప ఇంకెవరికీ అర్థం కాని సరుకు. ఈటీఎస్4తో ఫైలు రూపం మారింది. పేరు కేఎన్ఎక్స్‌ప్రోజ్. జాగ్రత్తగా చూస్తే అది మామూలు జిప్ ఫైలు, లోపల ఎక్స్ఎంఎల్ ఫైళ్ళు! సౌకర్యాల పట్టికలో ఇది ఒక వరస కూడా కాదు. నన్నడిగితే మాత్రం ఆరు ఎడిషన్లలోనూ అన్నిటికన్నా పెద్ద మార్పు ఇదే. సంకేతపదం పెట్టి మూసెయ్యని ఫైలైతే ఈటీఎస్ లేకపోయినా తెరిచి చదువుకోవచ్చు. హోమ్ అసిస్టెంట్ లాంటి ఓపెన్ సోర్సు ప్రాజెక్టులు ఇవాళ ఆ ఫైలుని తీసుకుని ఇంట్లో ఏ లైటు ఏ చిరునామాలో ఉందో చెప్పగలుగుతున్నాయి. రేపు ఏ కారణం చేతనైనా ఈటీఎస్ ఆగిపోయినా, ఎక్స్ఎంఎల్ చదవగలిగిన కుర్రాడు ఒకడు దొరికితే చాలు, కథ అక్కడితో ముగియదు.

ఇంకో సంగతి. పాత ఎడిషను ప్రాజెక్టుని కొత్త ఎడిషనులోకి తెచ్చుకునే దారి వాళ్ళు పెడుతూ వచ్చారు. ఉల్టా దారి మాత్రం లేదు. ఈటీఎస్6లో తెరిచి దాచిన ప్రాజెక్టు ఈటీఎస్5లో తెరుచుకోదు. కాబట్టి కాంట్రాక్టరు కొత్తదానికి మారి మీరు పాతదాని దగ్గరే ఉంటే, ఫైలు మీ చేతికిచ్చినా మీకు పనికిరాదు. ఇది అప్‌గ్రేడు చేసేముందు ఎవరూ అడగని ప్రశ్న.

ఇక అడ్డంగా పోల్చి చూద్దాం, అంటే ఒకే వెర్షనులో రకరకాల ఎడిషన్లు. ఈటీఎస్3లో టెస్టర్, స్టార్టర్, ప్రొఫెషనల్ అని ఉండేవి. ఈటీఎస్5లో డెమోకి 5 పరికరాలు, లైట్‌కి 20, ప్రొఫెషనల్‌కి హద్దు లేదు. లైట్ అంటే దీపం కాదండోయ్, తేలికపాటిది అని. ఈటీఎస్6లో వీటి పక్కన హోమ్ అని ఒకటుంది, దానికి 64 పరికరాలు. పైకి చూస్తే ఇవన్నీ ధరల మెట్లు. కానీ ఆ పేరు చూడండి. మొదట్లో ఈ సాఫ్టువేరు వాడేవాడంటే శిక్షణ పొందిన ఇంజనీరే, ఇంటాయన లెక్కలో లేడు. ఇంటాయన కూడా తన ఇంటి ప్రాజెక్టు తెరిచి చూసుకుంటాడు అన్న ఆలోచనకి ఒక ఎడిషను దక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈటీఎస్5 కాలంలోనే ఇన్‌సైడ్ అని ఇంకొకటి కూడా తెచ్చారు. దాంట్లో ప్రాజెక్టు కాంట్రాక్టరు ల్యాప్‌టాపులో కాకుండా ఆ ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటరులో ఉంటుంది. ఎక్స్10 చక్రం పోయిన దారిలో మళ్ళీ వెనక్కి రావడానికి వేసిన అడుగు అది.

లైసెన్సు కూడా అంతే. ఈటీఎస్5కి యూఎస్‌బీ డాంగిల్ ఉండాలి. ఈటీఎస్6లో డాంగిల్ గానీ క్లౌడు లైసెన్సు గానీ ఎంచుకోవచ్చు. డాంగిల్ పోగొట్టుకుంటే పోతుంది. క్లౌడు పోగొట్టుకోలేం, కానీ దాని మంచిచెడ్డలు ఇంకొకరి చేతిలో ఉంటాయి. ఏది మేలో ఎవరి అనుభవాన్ని బట్టి వాళ్ళు చెప్పుకోవాల్సిందే.

కేఎన్ఎక్స్ భవనం మొత్తానికి బస్సు అయితే, లైట్లకి మాత్రమే పుట్టిన భాష ఇంకొకటుంది. పేరు డాలి. సాల్వడార్ డాలి కాదు, ఇది దీపాల డాలి. ఒక తీగల జత మీద 64 దీపాలకి విడివిడిగా చిరునామాలు, 16 గ్రూపులు, 16 సీన్లు. వేగం సెకనుకి 1,200 బిట్లు. నత్తనడకే గానీ లైటు ఆర్పడానికి ఇంకెంత వేగం కావాలి? ఇది మొదట ట్యూబులైటు బ్యాలస్టుల ప్రమాణానికి ఒక అనుబంధంగా ఉండేది. 2009లో ఐఈసీ 62386 పేరుతో సొంత ప్రమాణమయ్యింది. అది మొదటి ఎడిషను. 2014లో రెండో ఎడిషను వచ్చింది, దాన్నే డాలి-2 అంటారు.

మొదటి ఎడిషను దీపం వైపు సంగతులన్నీ చక్కగా రాసింది. ఏ కంపెనీ దీపమైనా ఏ ఆజ్ఞకి ఎలా నడుచుకోవాలో అందులో ఉంది. కానీ ఆజ్ఞ ఇచ్చేవాళ్ళు, అంటే స్విచ్చిలు, సెన్సర్లు, కంట్రోలర్లు, వాళ్ళ సంగతి వదిలేసింది. దాంతో ఎవరికి వారే సొంత పద్ధతులు పెట్టుకున్నారు. ఒక కంపెనీ సెన్సరు ఇంకో కంపెనీ కంట్రోలరుతో మాట్లాడుతుందన్న భరోసా లేదు. "డాలికి అనుకూలం" అన్న ముద్ర కూడా తయారీదారు తనంతట తాను పరీక్షించుకుని వేసుకున్నదే. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు. రెండో ఎడిషనులో సెన్సర్లకీ స్విచ్చిలకీ విడిగా ఒక భాగం చేర్చారు. పరీక్షల ఫలితాలని పరిశ్రమ సంఘం చూసి సరే అన్నాకే ముద్ర వేసుకోవాలన్నారు.

ఈ ఐదేళ్ళ తేడాకి మూల్యం చెల్లించింది ఎవరంటే, మొదటి ఎడిషను కాలంలో భవనం కట్టుకున్నవాళ్ళు. వాళ్ళ దీపాలు ప్రమాణం ప్రకారమే ఉన్నాయి, అయినా ఒకే కంపెనీకి కట్టుబడిపోయారు. ఆ కంపెనీ మూతపడితే సీలింగులో దీపాలు బాగున్నా వాటికి ఆజ్ఞ ఇచ్చేవాడు ఉండడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అదన్నమాట.

డాలిలో ఒక చిన్న సెట్టింగు ఉంది. బస్సులో వోల్టేజీ పోతే, అంటే పైనుంచి మాట వినబడకపోతే, దీపం ఏ స్థాయిలో వెలగాలి అన్నది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు అది గరిష్ఠం, అంటే పూర్తి వెలుతురు. తప్పేం కాదు, మనుషుల భద్రత కోసం పెట్టిందే. కానీ ఎవరూ ముట్టుకోకుండా వదిలేసిన డిఫాల్టు విలువ ఎంత ముఖ్యమో మన వాళ్ళకి చెప్పక్కర్లేదు. "సాఫ్టువేరు చచ్చిపోతే లైటు ఏం చేస్తుంది?" అన్న ప్రశ్నకి జవాబు ప్రతి వ్యవస్థలోనూ ఎక్కడో ఒకచోట రాసే ఉంటుంది. మిన్నెచాగ్‌లో ఆ జవాబు "వెలుగుతుంది" అని. అక్కడిదాకా సరే. "మరి ఆర్పడం ఎలా?" అన్న రెండో ప్రశ్నకే జవాబు లేదు.

ఇంతదాకా చూసింది మరుపు, అశ్రద్ధ. కావాలని చేస్తే ఎలా ఉంటుందో కూడా చూద్దాం. 2021 అక్టోబరులో జర్మనీలో ఒక ఆఫీసు భవనం. దాని కేఎన్ఎక్స్ వ్యవస్థ ఇంటర్నెట్టుకి తలుపు తెరిచి ఉంది, ఒక యూడీపీ పోర్టు రక్షణ లేకుండా వదిలేశారు. ఎవరో లోపలికొచ్చారు. లైట్లు, మనిషి కదలికని పట్టే సెన్సర్లు, కిటికీ షట్టర్లు... నాలుగింట మూడొంతుల పరికరాల్లో ఉన్నదంతా చెరిపేశారు. అంతటితో ఆగితే ప్రాజెక్టు ఫైలు ఉంది కాబట్టి మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకునేవాళ్ళు. పోతూ పోతూ పరికరాలకి బీసీయూ కీ అనే తాళం కూడా వేసి పోయారు.

ఈ తాళం పరికరాల్లో ఎప్పటినుంచో ఉన్నదే. అనుమతి లేనివాళ్ళు పరికరాన్ని మార్చకుండా కాపాడటానికి పెట్టిన 32 బిట్ల కీ. ఆ భవనంలో దాన్ని ఎవరూ వాడుకోలేదు. యజమాని వెయ్యని తాళం దొంగ వేశాడు. దాంతో యజమానే తన భవనం బయట నిలబడ్డాడు. లైట్లు కావాలంటే మెయిన్ బ్రేకర్లు ఎత్తడం, దించడం. మళ్ళీ మా ఎలక్ట్రీషియనే గుర్తొచ్చాడు! చివరికి ఆస్ట్రియాకు చెందిన లైమ్స్ సెక్యూరిటీ వాళ్ళు కొన్ని పరికరాల మెమరీలోంచి ఆ కీని వెలికితీశారు. 2023 ఆగస్టులో అమెరికా సైబర్ భద్రతా సంస్థ కూడా ఈ తాళం లోపం గురించి హెచ్చరిక జారీ చేసింది.

కేఎన్ఎక్స్ వాళ్ళు ఊరికే కూర్చోలేదు. ఈటీఎస్5 కాలంలోనే టెలిగ్రాములని గుప్తీకరించే సెక్యూర్ పద్ధతి తెచ్చారు. చాలా అవసరమైన పని. కానీ దాని తాళాలు ఎక్కడుంటాయి? ప్రాజెక్టు ఫైల్లో. అంటే ఇప్పుడు ఆ ఫైలు పోతే పోయేది పేర్లు మాత్రమే కాదు, ఆ పరికరాలతో మాట్లాడే హక్కే పోతుంది. ఒక్కొక్క దాన్నీ ఫ్యాక్టరీ స్థితికి తెచ్చి మొదట్నుంచీ మొదలెట్టాలి. భద్రత పెరిగినకొద్దీ ఆ ఒక్క ఫైలు విలువ పెరుగుతూ పోయింది. ఆ ఫైలు ఉన్నవాడి విలువ కూడా.

ఇదంతా పరాయి దేశాల గొడవ, మనకెందుకు అనుకోకండి. మన దేశంలో 2007లో వచ్చిన ఇంధన పొదుపు భవన నియమావళి, అదే ఈసీబీసీ, 500 చదరపు మీటర్లు దాటిన భవనాల్లో లైట్లు తమంతట తాము ఆరే ఏర్పాటు ఉండాలంది. 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని తన నిబంధనల్లో చేర్చుకుంది. అంతకు ముందే 2004 జులైలో హైదరాబాదులో సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ని అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం అది. హైటెక్ సిటీ పక్కనే. దాని తర్వాత గ్రీన్ ముద్ర లేని పెద్ద ఆఫీసు కట్టడం నామోషీ అయిపోయింది. మంచిదే. కరెంటు నిజంగానే మిగులుతుంది.

కానీ ఆ నియమాలన్నీ భవనం మొదలయ్యే రోజు గురించే. ఆ రోజు సెన్సరు ఉందా, పనిచేస్తోందా అని చూస్తారు. ఇరవై ఏళ్ళ తర్వాత దాని ప్రాజెక్టు ఫైలు ఎవరి దగ్గరుంది అని ఎవరూ అడగరు. మన ఊళ్ళో ఆఫీసులు ఐదేళ్ళకొకసారి చేతులు మారుతుంటాయి. అద్దెకున్న కంపెనీ మారుతుంది, నిర్వహణ కాంట్రాక్టు మారుతుంది, ఫెసిలిటీ మేనేజరు మారతాడు. సీలింగులో బొడిపె మాత్రం అలానే ఉంటుంది, ఎప్పుడో ఖాళీ చేసి పోయిన కంపెనీ ఆదివారం షిఫ్టుని నమ్మకంగా గుర్తుపెట్టుకుని.

అందుకే ఈసారి ఎవరైనా మీ అపార్ట్‌మెంటు సంఘంలోనో ఆఫీసులోనో లైటింగు సాఫ్టువేరు ఎడిషన్ల పట్టిక తెచ్చి ముందు పెడితే, కింద ఇంకో మూడు వరసలు మీరే గీయండి. ఒకటి, ప్రాజెక్టు ఫైలూ తాళాలూ సంకేతపదాలూ పని పూర్తయిన రోజునే మన చేతికి వస్తాయా, మార్పు చేసిన ప్రతిసారీ కొత్త ప్రతి ఇస్తారా? రెండు, ఆ ఫైలుని ఆ కంపెనీ కాక వేరేవాళ్ళు తెరవగలరా, తర్వాత వచ్చే ఎడిషను దాన్ని చదువుతుందా? మూడు, సాఫ్టువేరు పూర్తిగా పోయిన రోజున లైటు ఏం చేస్తుంది, దాన్ని మనిషి చేత్తో వెయ్యడానికీ ఆర్పడానికీ ఏముంది? ఈ మూడిటికీ జవాబు కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. మొబైల్ యాప్ ఉందా లేదా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

సాఫ్టువేరు వద్దు, పాత స్విచ్చిలే ముద్దు అని నేననడం లేదు. ఆ మాటంటే నా అన్నం మీద నేనే మన్ను పోసుకున్నట్టు. నేననేదల్లా, మనం రాసేది మనకంటే, మన కంపెనీకంటే ఎక్కువ కాలం బతికే వస్తువులో పడి ఉంటుందని తెలిసి రాయాలి. వెబ్‌సైటు పాడైతే ఇంకోటి కట్టుకుంటారు. సీలింగు పీకి మళ్ళీ కట్టుకోవడం అంత తేలిక కాదు. భవనం కొన్నవాడికి తాళంచెవి ఇస్తాం, రిజిస్ట్రేషను కాగితాలిస్తాం, నీళ్ళ పైపుల నక్షా ఇస్తాం. లైట్ల ప్రాజెక్టు ఫైలు కూడా ఆ కట్టలోదే అని అలవాటు చెయ్యాల్సింది మనమే, ఎందుకంటే దాని విలువ తెలిసింది మనకే.

ఆ ఆఫీసు వదిలేసి చాలా ఏళ్ళయ్యింది. ఆ ఎలక్ట్రీషియన్ కూడా ఇప్పుడు ఎక్కడున్నాడో తెలీదు. అతను వెళ్ళిపోయేటప్పుడు తన తర్వాత వచ్చినవాడికి ఏ ఎంసీబీ దించాలో చెప్పి వెళ్ళాడో లేదో. చెప్పే ఉంటాడు. కాంట్రాక్టరు చెయ్యని అప్పగింత అతనైనా చేసి ఉంటాడని నా నమ్మకం.